కట్టిన నీటిలో చేప: పెనుబల్లి చెరువుల నుంచి గాజుతొట్టి దాకా

ఖమ్మం నుంచి సత్తుపల్లి వైపు సాగే రహదారి మీద ఉన్న పెనుబల్లి మండలం మెట్టపొలాలు తగ్గి అడవి మొదలయ్యే అంచు ప్రాంతం. దీనికి ఉత్తరం వైపు కొత్తగూడెం, భద్రాచలం అడవుల్లో కురిసిన వాన వాగుల వెంట గోదావరిని చేరుతుండగా, మండలంలోని లంకాసాగర్ జలాశయాన్ని నింపే కట్టలేరు దక్షిణానికి పారి కృష్ణా పరీవాహకంలో కలుస్తుంది. ఏడాది పొడుగునా పారే పెద్ద నది ఊళ్ల పక్కన లేకపోవడం వల్ల ఇక్కడి జనానికి నీరంటే చాలావరకు కట్టి నిలిపిన నీరే అయింది. చెరువు, కుంట, బావి వారి జీవనానికి ఆధారాలు కాగా, చేపతో వారి పరిచయం కూడా ఆ నిలవనీటిలోనే పెరిగింది. ఇంట్లో గాజుతొట్టి పెట్టి అందులో రంగు చేపలను పెంచడం ఈ పరిచయంలో ఇటీవలి దశ. అది పట్నం నుంచి వచ్చిన సరదాగా కనిపిస్తుంది గాని, ఆ తొట్టిలో చేపలు చనిపోవడానికి కారణమయ్యే ఇబ్బందుల్లో చాలావాటిని చెరువు మీద బతికిన బెస్తలూ, బావిలో చేపను వదిలిన గృహస్థులూ, చేపపిల్లలను దూరప్రాంతాలకు మోసిన వర్తకులూ ముందే ఎదుర్కొన్నారు. వారి అనుభవాన్ని పక్కనపెట్టి తొట్టి చరిత్రను ఐరోపా నుంచి మాత్రమే మొదలుపెట్టడం సగం కథ చెప్పడమే అవుతుంది.

తెలంగాణలో చెరువు తవ్వించడం కాకతీయుల కాలానికి గొప్ప పుణ్యకార్యంగా స్థిరపడింది. ఒకప్పుడు ఖమ్మం జిల్లాలో ఉండి ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాలో చేరిన బయ్యారంలో గణపతిదేవుని సోదరి మైలాంబ తవ్వించిన చెరువు, అదే చక్రవర్తి కాలంలో జగదాల ముమ్మడి కట్టించిన పాకాల చెరువు ఈ సంప్రదాయానికి నేటికీ సాక్ష్యంగా నీళ్లు నిలుపుకొని ఉన్నాయి. వీటిని కట్టింది వ్యవసాయానికే అయినా, వానాకాలంలో మత్తడి, అంటే చెరువు నిండాక మిగులు నీరు పొర్లిపోయే కట్టడం, దూకుతున్నప్పుడు వాగుల్లోని చేపలు ప్రవాహానికి ఎదురెక్కి చెరువుల్లో చేరేవి. బెస్త, ముదిరాజ్, గంగపుత్ర కులాలవారికి వాటిని పట్టుకోవడం తరతరాల వృత్తి. వారికి తెలిసిన మొదటి పాఠం ఎండాకాలం నేర్పినది. నీరు తగ్గి చెరువు నడిమి లోతులోకి కుంచించుకుపోయే కొద్దీ చేపలన్నీ అక్కడ గుమిగూడతాయి. వేడెక్కిన నీటిలో ప్రాణవాయువు తక్కువగా కరుగుతుంది. 20 డిగ్రీల వేడిలో లీటరుకు దాదాపు 9 మిల్లీగ్రాములు కరిగేది 35 డిగ్రీలలో 7 మిల్లీగ్రాములకు పడిపోతుంది. అదే సమయంలో వేడికి చేప శరీరం ఎక్కువ ప్రాణవాయువును కోరుతుంది. పగలు ప్రాణవాయువును విడుదల చేసే నాచు రాత్రి తానూ దాన్ని పీల్చుకుంటుంది కనుక నీటిలో దాని నిలవ తెల్లవారుజామున అతి తక్కువగా ఉంటుంది. ఆ వేళకు చేపలు పైకి తేలి నోళ్లు తెరిచి గాలి కోసం తపిస్తుంటే చెరువు చావుకు దగ్గరైందని వలవేసేవారు గ్రహించేవారు. నేడు గాజుతొట్టిలో ఉదయాన్నే కనిపించే దృశ్యమూ ఇదే, కారణమూ ఇదే.

అలాంటి నీటిలోనూ కొన్ని చేపలు నిలదొక్కుకునేవి. కొర్రమీను, మార్పు, ఇంగిలాయి మొప్పలతో పాటు ప్రత్యేక శ్వాస అవయవాల సాయంతో పైకి వచ్చి గాలిని నేరుగా పీల్చుకోగలవు; అందుకే ఎండిపోతున్న కుంటల అడుగు బురదలో చివరిదాకా మిగిలేవి అవే, సంతలో ప్రాణంతో అమ్ముడయ్యేవీ అవే. తెలంగాణ ప్రభుత్వం 2016లో కొర్రమీనును రాష్ట్ర చేపగా ప్రకటించడం వెనుక ఈ ప్రాంతపు నీటికి అది ఎంతగా అలవాటుపడిందో చెప్పే చరిత్ర ఉంది. ఈనాడు దుకాణాల్లో చిన్న సీసాల్లో అమ్మే బెట్టా, అంటే జనం ఫైటర్ అని పిలిచే ఆగ్నేయాసియా చేప, కూడా గాలి పీల్చే జాతిదే. అది సీసాలో చావకుండా ఉండగలదన్న ఒక్క సంగతిని పట్టుకుని దానికి సీసా చాలునని నమ్మడం పొరపాటు. ఎండిన కుంటలో కొర్రమీను బతికి ఉండటం ఆ కుంట దానికి హాయిగా ఉందనడానికి నిదర్శనం కాదు గదా.

చేపను తినడానికి కాక చూడటానికీ, మేపడానికీ పెంచిన చరిత్ర కూడా దక్కనులో పాతదే. కాకతీయులు ఒకప్పుడు సామంతులుగా కొలిచిన కల్యాణి చాళుక్య వంశంలో మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దం తొలి భాగంలో కూర్చిన మానసోల్లాసం అనే సంస్కృత గ్రంథంలో మత్స్యవినోదం పేరిట ఒక ప్రకరణం ఉంది. అందులో రకరకాల చేపల పేర్లూ, వాటికి వేయవలసిన మేత వివరాలూ, గాలం వేసే పద్ధతులూ కనిపిస్తాయి. ప్రసిద్ధ మత్స్యశాస్త్రవేత్త సుందర్‌లాల్ హోరా 20వ శతాబ్దం నడుమ ఆ ప్రకరణాన్ని ఆధునిక శాస్త్ర దృష్టితో పరిశీలించి దాని విలువను వెలుగులోకి తెచ్చాడు. రాజు వినోదం అలా ఉండగా, సామాన్యుల పక్షాన గుడి కోనేటిలోని చేపలకు మరమరాలు వేసే ఆచారమూ, మంచినీటి బావిలో పురుగులను తింటాయని చేపలను వదిలే అలవాటూ ఉండేవి. బావి చేపకు ఎవరూ మేత వేయరు, నీరు మార్చరు. అయినా అది ఏళ్ల తరబడి బతికేది, ఎందుకంటే బావిలో నీరు చాలా ఎక్కువ, చేపలు చాలా తక్కువ, నేల అడుగు చల్లదనం వల్ల వేడిమిలో మార్పూ స్వల్పం. గాజుతొట్టి యజమాని ఈ మూడు అనుకూలతలనూ ఒక్కసారిగా కోల్పోతున్నాడు.

విదేశీ చేప మన ఊరి నీటిలోకి వచ్చింది అలంకారం కోసం కాదు, దోమల కోసం. రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టులో సికింద్రాబాద్‌లో మలేరియా పరాన్నజీవిని దోమ పొట్టలో కనుగొన్న తరువాత, దోమ పిల్లలను తినే చేపల కోసం ప్రభుత్వాలు వెతకసాగాయి. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన గప్పీ 20వ శతాబ్దపు తొలి సంవత్సరాల్లోనూ, అమెరికా ఖండం నుంచి ఇటలీ మీదుగా వచ్చిన గంబూసియా 1928లోనూ భారతదేశంలో అడుగుపెట్టాయి. మలేరియా జ్వరాలకు పేరుపడిన అడవి అంచు ప్రాంతాలకు వీటి అవసరం ఎక్కువ కనుక ఆరోగ్యశాఖలు బావుల్లో, గుంటల్లో వీటిని వదులుతూ వచ్చాయి, ఇప్పటికీ వదులుతున్నాయి. గుడ్లు పెట్టకుండా పిల్లలను కనే ఈ జాతులు కొద్ది నెలల్లోనే విపరీతంగా పెరుగుతాయి. తొట్టిలో రెండు జతల గప్పీలతో మొదలుపెట్టినవారికి ఏడాది తిరగకముందే నీరు చాలకపోవడానికి ఈ గుణమే కారణం. గంబూసియా విషయంలో మరో చేటు కూడా బయటపడింది: అది దోమ పిల్లలతో ఆగక స్థానిక చేపల గుడ్లనూ, కప్పల తోకపిల్లలనూ తినేస్తుంది.

గాజుతొట్టి శాస్త్రం మాత్రం ఇంగ్లండులో రూపుదిద్దుకుంది. రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త 1850లో లండన్ కెమికల్ సొసైటీకి ఒక ప్రయోగాన్ని నివేదించాడు: గాజుపాత్రలో బంగారు చేపలను, నీటిమొక్కలను, నత్తలను కలిపి ఉంచితే చేప వదిలినదాన్ని మొక్క వాడుకుంటుందనీ, కుళ్లిన ఆకును నత్త తింటుందనీ, దాంతో నీరు చాలాకాలం మార్చకుండానే చేపలు బతుకుతాయనీ ఆయన చూపాడు. 1853లో లండన్ జంతుప్రదర్శనశాలలో మొట్టమొదటి బహిరంగ చేపల ప్రదర్శన మందిరం తెరుచుకుంది. మరుసటి ఏడు ఫిలిప్ హెన్రీ గాస్ పుస్తకం వెలువడ్డాక అక్వేరియం అనే పేరు జనంలో నాటుకుంది. మద్రాసు మెరీనా తీరంలో 1909లో ప్రారంభమైన అక్వేరియం ఈ పద్ధతిని దక్షిణ భారతానికి పరిచయం చేసింది. మన ప్రాంతం విషయానికొస్తే, 1959లో ఖమ్మంలో కలిసేదాకా భద్రాచలం తాలూకా తూర్పుగోదావరి జిల్లాలో భాగంగా ఉండేది, కనుక చాలాకాలం మద్రాసు ప్రభుత్వ పరిధిలోనిది. పెనుబల్లి వైపు నిజాం రాజ్యంలో వరంగల్ జిల్లాకు చెంది ఉండి, 1953 అక్టోబరు 1న ఏర్పడిన ఖమ్మం జిల్లాలోకి వచ్చింది. అడవికి రెండు వైపులా రెండు పరిపాలనలు ఉన్నా, గాజుతొట్టి అనే వస్తువు ఆ కాలంలో ఈ రెండింటిలోనూ పల్లెలకు చేరలేదు.

వారింగ్టన్‌కు తెలియని ఒక సంగతి తరువాతి తరం కనుగొంది, అది లేకుండా తొట్టి ఇబ్బందులేవీ అర్థం కావు. చేప ప్రధానంగా మొప్పల ద్వారా అమ్మోనియాను వదులుతుంది. మిగిలిపోయిన మేత కుళ్లినా అదే పుడుతుంది. నీటిలో అది రెండు రూపాల్లో ఉంటుంది, వాటిలో ఒకటి తీవ్రమైన విషం. నీటి ఆమ్లత, క్షారతలను కొలిచే పి.హెచ్. విలువ 7 నుంచి 8కి పెరిగితే, 25 డిగ్రీల వేడి వద్ద ఆ విషరూపపు వాటా తొమ్మిది పది రెట్లు అవుతుంది. తెలంగాణలో బోరునీరు చాలాచోట్ల గట్టిగా, క్షారగుణంతో ఉంటుంది కనుక, క్షారగుణం తక్కువగా ఉన్న నీటిలో బాగా ఉన్న చేప ఇక్కడి తొట్టిలో అదే మేత మీద త్వరగా చనిపోవడంలో ఆశ్చర్యం లేదు. ప్రకృతిలో ఈ విషాన్ని విరిచేవి సూక్ష్మజీవులు. ఒక రకం బాక్టీరియా అమ్మోనియాను నైట్రైటుగానూ, మరో రకం నైట్రైటును చాలా తక్కువ హాని చేసే నైట్రేటుగానూ మారుస్తాయి. ఈ పని జీవులదేనని ఫ్రెంచి శాస్త్రవేత్తలు ష్లోసింగ్, మ్యూంజ్ 1877లో నిరూపించగా, ఆ జీవులను విడదీసి చూపిన ఘనత 1890లో రష్యన్ శాస్త్రవేత్త వినోగ్రాద్‌స్కీకి దక్కింది. చెరువు అడుగున పేరుకున్న పూడికలో ఇవి కోట్ల సంఖ్యలో ముందే ఉంటాయి. కొత్తగా కొన్న తొట్టిలో ఒక్కటీ ఉండదు, అవి తగినంత స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. తొట్టినీ చేపలనూ ఒకే రోజు ఇంటికి తెచ్చినవారు పది పదిహేను రోజుల్లో చేపలను పోగొట్టుకునేది ఇందువల్లే. ఆదివారం పూట తొట్టి మొత్తం ఖాళీ చేసి, గులకరాళ్లనూ ఫిల్టరునూ కుళాయి నీటితో తళతళలాడేలా కడిగేవారు శ్రద్ధ పేరుతో ఆ సూక్ష్మజీవులనే తుడిచిపెడుతున్నారు. వారానికొకసారి నాలుగో వంతు నీటిని మాత్రమే తీసి, అంతే వేడిమి గల నీటిని పోయడం ఇందుకు సరైన దారి.

కుళాయి నీరు తెచ్చిన చిక్కు చెరువు కాలంలో ఎవరికీ లేదు. 2016లో మొదలైన మిషన్ భగీరథ పథకం శుద్ధి చేసిన నీటిని పల్లెల ఇళ్లకు చేర్చింది. రోగకారక క్రిములను చంపేందుకు కలిపే క్లోరిన్ మనిషికి రక్ష అయితే చేప మొప్పలకు మంట. ఆ నీటిని వెడల్పాటి పాత్రలో ఒక రోజు నిలవ ఉంచితే క్లోరిన్ గాలిలో కలిసిపోతుంది, తొందర ఉన్నవారు దుకాణాల్లో దొరికే సోడియం థయోసల్ఫేట్ చుక్కలు వాడతారు.

ఈ చరిత్రలో అత్యంత విలువైన అధ్యాయం చేపపిల్లల రవాణాకు సంబంధించినది. బొచ్చె, రోహు, మోసు వంటి పెద్ద చేపలు నిలవనీటిలో గుడ్లు పెట్టవు. వానాకాలపు నది ప్రవాహం వాటికి కావాలి. అందువల్ల చెరువుల్లో ఏటా కొత్తగా పిల్లలను వదలవలసి వచ్చేది. వాటిని నదుల్లో, ముఖ్యంగా బెంగాల్ నదుల్లో, గరాటు ఆకారపు వలలతో పట్టి, మట్టికుండల్లో పోసి రైళ్లలో దేశమంతటా పంపేవారు. కుండ వెంట ఒక మనిషి కూర్చుని దారి పొడుగునా చేత్తో నీటిని కదుపుతూ గాలి కలిసేలా చూసేవాడు, స్టేషన్లు వచ్చినప్పుడు కొంత నీరు మార్చేవాడు, మెత్తగా నూరిన ఎర్రమట్టిని నీటిలో చల్లి మురికిని అడుగుకు దింపేవాడు. ఆయన చేయి గాలిపంపు, ఆయన ఎర్రమట్టి ఫిల్టరు. పేర్లు తెలియని ఈ కూలీలు గాజుతొట్టి యంత్రాలు చేసే పనులన్నీ రెండు చేతులతో చేశారు. అయినా నష్టం ఎక్కువగానే ఉండేది, పైగా నది నుంచి పట్టిన పిల్లల్లో తోటి పిల్లలను తినే జాతులు కలిసిపోయి వచ్చేవి.

1957 జూలై 10న ఒడిశాలో హీరాలాల్ చౌధురి, కె.హెచ్. అలికున్హి ఈ పరిస్థితిని మార్చారు. చేప మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథి నుంచి తీసిన రసాన్ని తల్లి చేపలకు సూదితో ఎక్కించి, నది ప్రవాహం లేకుండానే వాటిచేత గుడ్లు పెట్టించారు. ఆ రోజును దేశం నేడు చేపల రైతుల దినంగా జరుపుకుంటున్నది. దీని తరువాత హేచరీలు, అంటే గుడ్లను పొదిగించి పిల్లలను ఉత్పత్తి చేసే కేంద్రాలు, ఆంధ్ర డెల్టాలో విస్తరించాయి. మట్టికుండ స్థానంలో మూడో వంతు నీరు, మిగతా భాగం ఆక్సిజన్ నింపి బిగించిన పాలిథిన్ సంచి వచ్చింది. పిల్లలను సంచిలోకి ఎత్తేముందు మేత ఆపి పొట్ట ఖాళీ చేయించడం, గట్టుకు చేరాక సంచిని చెరువు నీటిపై కాసేపు తేలనిచ్చి లోపలి వేడిమి, బయటి వేడిమి సమమయ్యాకే మూతి విప్పడం, చెరువు నీటిని కొద్దికొద్దిగా సంచిలోకి కలపడం ఈ వ్యాపారం నేర్పిన మెళకువలు. 2016–17 నుంచి తెలంగాణ ప్రభుత్వం చెరువులకు ఉచితంగా చేపపిల్లలను ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు లంకాసాగర్ వంటి జలాశయాల గట్ల మీద మత్స్య సహకార సంఘాల సభ్యులు పాటించవలసి వచ్చిన పద్ధతి ఇదే. దుకాణం నుంచి రంగు చేపల సంచి తెచ్చుకున్నవారూ అక్షరాలా ఇదే చేయాలి. అలా చేయక నేరుగా తొట్టిలో గుమ్మరించడం ఇళ్లలో చేపల చావుకు తరచుగా కారణమవుతున్నది.

అలంకరణ చేపల వర్తకం ఈ రవాణా దారినే అనుసరించింది. కోల్‌కతాలోని గాలిఫ్ స్ట్రీట్ సంత, చెన్నై శివారులోని కొళత్తూరు పెంపక కేంద్రాలు దేశానికి ప్రధాన సరఫరాదారులు. ఖమ్మం పట్టణం ఢిల్లీ–చెన్నై రైలు దారి మీద ఉండటం సరుకు రావడానికి వీలు కల్పించింది. కాని ఆ చేపల్లో ముఖ్యమైన బంగారు చేప చల్లని నీటి జీవి. చైనాలో సాంగ్ వంశపు కాలంలో తోట కొలనుల్లో వృద్ధి చేసిన ఈ జాతికి 18 నుంచి 24 డిగ్రీల వేడిమి హాయి. మే నెలలో 45 డిగ్రీలకు చేరువయ్యే కొత్తగూడెం, భద్రాచలం పక్క ఎండలో, కరెంటు పోయి గాలిపంపు ఆగిన మధ్యాహ్నం, గుండ్రటి చిన్న గాజుపాత్రలో దానికి బతికే అవకాశం చాలా తక్కువ. డిసెంబరు రాత్రుల్లో అడవి పక్క చలి వల్ల ఇబ్బంది మరో రకంగా వస్తుంది: వేడిమి ఒక్కసారిగా పడిపోగానే చేప ఒంటి మీద ఉప్పు చల్లినట్టు తెల్లచుక్కలు పొడుచుకువస్తాయి. 1876లో ఫ్రెంచి శాస్త్రవేత్త ఫూకే వర్ణించిన ఇక్తియోఫ్తిరియస్ అనే ఏకకణ జీవి దీనికి మూలం. చేప ఒంటి పైన ఉన్నంతకాలం అది చర్మం కింద దాగి ఉంటుంది కనుక మందు పనిచేయదు. నీటిలోకి రాలి పిల్లలను విడిచే దశలోనే అది మందుకు లొంగుతుంది, కాబట్టి చుక్కలు పోగానే మందు ఆపినవారికి జబ్బు తిరగబెడుతుంది. ఆంధ్ర చెరువుల్లో రోహులను పీడించే చేపపేను కూడా కొత్త చేపలతో, చెరువు నాచుతో పాటు తొట్టిలోకి ప్రవేశిస్తుంది. 1988లో ఈశాన్య భారతంలో కనిపించి తరువాత దక్షిణాదికి పాకిన పుండ్ల వ్యాధి కొర్రమీనులను విరివిగా చంపినప్పుడు చెరువు రైతులు నేర్చుకున్న జాగ్రత్త, కొత్త చేపను పాతవాటిలో వెంటనే కలపకూడదన్నది, ఇంటి తొట్టికీ అంతే వర్తిస్తుంది.

ఈ ఇబ్బందుల్లో సగం స్థానిక చేపలను ఎంచుకుంటే తలెత్తవు. 1940లలో మహమూద్, రహీముల్లా హైదరాబాద్ సంస్థానపు చేపల మీద జరిపిన సర్వే, అంతకు ముందు ఫ్రాన్సిస్ డే 1875–78 మధ్య వెలువరించిన భారతదేశపు చేపల గ్రంథం ఈ నేల మీది జాతుల వైవిధ్యాన్ని నమోదు చేశాయి. వాగుల్లో, పంట కాలువల్లో తిరిగే చిన్న పరిగెలు, ఒళ్లు అద్దంలా కనిపించే గాజు చేపలు, నీలిచారల జీబ్రా చేపలు ఇక్కడి ఎండకూ గట్టినీటికీ అలవాటుపడ్డవి, మేత విషయంలో పట్టింపు లేనివి. 1822లో హామిల్టన్ అనే శాస్త్రవేత్త వర్ణించిన ఆ జీబ్రా చేప 1970లలో అమెరికాలోని ఒరెగాన్‌లో జార్జ్ స్ట్రైసింగర్ చేతిలో జన్యుశాస్త్ర పరిశోధనకు సాధనమై, ప్రపంచంలోని ఎన్నో ప్రయోగశాలలకు పాకి, చివరకు హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థకూ చేరింది. విదేశాల్లో ఇంత గౌరవం పొందిన చేపను మన ఇళ్లలో పనికిరాని పరిగె కింద లెక్కగట్టి, వాస్తు పేరుతో ఖరీదైన ఫ్లవర్‌హార్న్ చేపను తెచ్చి చిన్న తొట్టిలో ఒంటరిగా బంధించడం విచారకరం.

తొట్టి చాలని చేపల కథ చివరకు చెరువు దగ్గరికే తిరిగి వస్తున్నది. తొట్టి గోడలను శుభ్రం చేస్తుందని వేలెడంత ఉన్నప్పుడు అమ్మే దక్షిణ అమెరికా సక్కర్ చేప మూరెడు దాటి పెరుగుతుంది. దాన్ని భరించలేనివారు దగ్గరి నీటిలో వదిలేయడం వల్ల అది నేడు తెలుగు నేల మీద చెరువుల్లో, నదుల్లో దెయ్యం చేప అనే పేరుతో వలలకు చిక్కుతున్నది. గట్టి పలకల వంటి పొలుసులు, ముళ్ల రెక్కలతో అది వలలను చింపుతుంది, గట్లలో బొరియలు తవ్వుతుంది, దానికి కొనుగోలుదారు ఉండడు. కేంద్ర ప్రభుత్వం 2000లో నిషేధించిన ఆఫ్రికా క్యాట్‌ఫిష్ చేసిన నష్టం తెలిసిన మత్స్యకారులకు ఇది మరో దెబ్బ. పెనుబల్లి పరిసరాల్లో రంగు చేపలు పెంచుతున్నవారు కొనేముందే ఆ చేప పూర్తి పరిమాణం ఎంతో అడిగి తెలుసుకోవాలి. వద్దనుకున్న చేపను దుకాణానికో మరో పెంపకందారుకో ఇవ్వాలి. ఎట్టి పరిస్థితిలోనూ లంకాసాగర్‌లో గాని, ఊరి కుంటలో గాని, వాగులో గాని వదలకూడదు.